నేను చెరిపిన మచ్చ

అసలు సంగతి మొదటే చెప్పేస్తాను. మిగతాది చదవాలో వద్దో మీ ఇష్టం.

ఎనభైల మధ్యలో గుంటూరులో జరిగిన ఒక అందాల పోటీ నుంచి ఒక అమ్మాయిని తీసేశారు. ఫొటో దిద్దించి మోసం చేసిందన్నారు. ఆ ఫొటోలో ఆమె చెంప మీది మచ్చను చెరిపినవాణ్ణి నేనే. ఆమె నన్ను చెరపమని అడగలేదు. చెరపొద్దని చెప్పింది.

నేను ముప్పై ఏళ్లు ఫొటో స్టూడియోల్లో పనిచేశాను. యాభై దాటగానే రిటైరయ్యాను. సరిగ్గా చెప్పాలంటే కంప్యూటర్ వచ్చి నా కుర్చీ అడిగింది, నేను లేచి ఇచ్చాను. ఫొటోలూ తీసేవాణ్ణి కానీ, నా అసలు పని నెగెటివ్‌లు దిద్దడం. ఇప్పుడు ఫొటోలు తీస్తున్న పిల్లలకి ఆ పని ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసిన తప్పు అర్థం కాదు.

మీరు ఫోన్ మీద వేలు ఒకసారి జరిపితే మొటిమ మాయమవుతుంది. మాకు దానికి ఒక వాలుబల్ల, దాని మధ్యలో గాజుపలక, కింద వెలుతురు పైకి కొట్టే అద్దం ఉండేవి. గాజు మీద నెగెటివ్ పెట్టి, పెన్సిల్ అంటుకోవడానికి దూదితో ఒక జిగురు మందు రాసేవాళ్లం. పెన్సిల్‌ని గరుకు కాగితం మీద రుద్ది రుద్ది సూదిలా చేసేవాళ్లం. ముఖం మీద నల్లగా ఉన్నది నెగెటివ్‌లో తెల్లగా కనిపిస్తుంది. ఆ తెల్లదనాన్ని పెన్సిల్ మొనతో చుక్కలు చుక్కలుగా నింపితే, ప్రింటులో అక్కడ మచ్చ ఉండదు. ఒక ముఖానికి అరగంట పట్టేది. చెయ్యి వణికితే ముఖం పాడైపోతుంది.

మా స్టూడియో బ్రాడీపేటలో. సగం రాబడి పెళ్లిచూపుల ఫొటోల మీదే. బాపట్ల నుంచి మాచర్ల దాకా పెళ్లిళ్ల పేరయ్యల సంచుల్లో మా స్టూడియో ముద్ర ఉన్న ఫొటోలు తిరుగుతుండేవి. ఓనరుగారు రెండు నియమాలు పెట్టారు. ఆడపిల్ల నెగెటివ్ ఏదైనా సరే, నా బల్ల మీదికి రాకుండా డార్క్‌రూంలోకి వెళ్లకూడదు. రెండోది, దిద్దిన మాట బయట ఎవరికీ చెప్పకూడదు. ఎవరైనా అడిగితే, "మా లైటింగ్ అలాంటిదండీ" అనాలి.

నాకు పని నేర్పింది ఒక ముస్లిం పెద్దాయన. ఊరంతా ఆయన్ని మాస్టారు అనేది. ఆయనకొక అలవాటు ఉండేది. పెన్సిల్ పట్టుకునే ముందు నెగెటివ్ వచ్చిన కవరు తిప్పి, దాని మీద రాసింది పైకి చదివేవారు. పేరు, ఊరు, ఎన్ని కాపీలు, ఎప్పటికి కావాలి, అన్నీ. తద్దినం మంత్రంలాగా ఈ చదువుడేమిటి మాస్టారూ అని నేను వేళాకోళం చేసేవాణ్ణి. "ఎవరి ముఖం మీద చెయ్యి వేస్తున్నానో తెలియాలి కదరా" అనేవారు. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. ఆయనకి మూడు ముఖాలయ్యేలోపు నాకు ఐదయ్యేవి. గొప్ప పనివాణ్ణని నా నమ్మకం.

ఆ అమ్మాయి ఒక మధ్యాహ్నం ఒక్కతే వచ్చింది. మిషన్ హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. వాళ్లది అద్దంకి వైపు పల్లె. తండ్రి లేడు. తల్లి గుంటూరులోనే మిరపకాయలకు తొడిమెలు తీసే పనిచేస్తుంది. ఎడమ చెంప మీద వేలెడు పొడవున నల్లటి గీతలాంటి మచ్చ. చిన్నప్పుడు సెలవుల్లో కూలికి వెళ్లి పత్తికట్టె పీకుతుంటే, ఒక మోడు ఎగిరొచ్చి గీరుకుపోయిందట. అది తప్పిస్తే, ఆ ముఖానికి నా పెన్సిల్ అవసరమే లేదు.

స్టూలు మీద కూర్చోగానే, "ఈ మచ్చ కనపడాలండీ" అంది.

ఆ గదిలో ఆ మాట అంతకుముందు ఎవరూ అనలేదు. "కనపడకూడదనా?" అని అడిగాను.

"కనపడాలన్నాను. పోటీ ఫారం చూడండి, దిద్దని ఫొటోనే పంపాలని రాశారు. కింద గుర్తుల దగ్గర నేనూ రాశాను, ఎడమ చెంప మీద మచ్చ అని. మీరు తీసేశారనుకోండి, నేను అబద్ధమాడినట్టవుద్ది."

అది గుంటూరులో ఒక క్లబ్బూ ఒక చీరల దుకాణమూ కలిసి పెట్టిన పోటీ. అందులో మొదటి స్థానం వచ్చిన అమ్మాయి హైదరాబాదులో రాష్ట్ర పోటీకి వెళుతుంది. ఈమెకి కిరీటం మీద పెద్ద మోజు లేదు. టీవీలో వార్తలు చదవాలి. హైదరాబాదు పోటీకి టీవీవాళ్లు వస్తారని ఎవరో చెప్పారు. "నన్నెవరైనా చూడాలంటే ముందు నేను అక్కడిదాకా పోవాలి కదండీ" అంది. అప్పటి టీవీలో వార్తలు చదివేవాళ్లను తలుచుకుని, ఈ పిల్లకి ధైర్యం ఎక్కువే అనుకున్నాను.

లైట్లు సర్దుతున్నంతసేపూ మాట్లాడింది. అప్పటికే రెండు పోటీల్లో పాల్గొంది. చీరాలలో చీరల ప్రదర్శన దగ్గర మొదటిసారి. ఎత్తు మడమల చెప్పులు స్నేహితురాలి దగ్గర అడిగి తెచ్చుకుంటే, మెట్టెక్కుతుండగా ఒకదాని పట్టీ తెగింది. రెండోదీ విప్పి పక్కన పెట్టి వట్టికాళ్లతో నడిచింది. ఓదార్పు బహుమతి ఇచ్చారు. ఒంగోలులో రెండోసారి. అక్కడ జడ్జి మీ నాన్నగారు ఏం చేస్తారని అడిగాడట. నాన్న లేరండీ, మా అమ్మ మిరపకాయలకు తొడిమెలు తీస్తుంది అంటే హాలంతా నవ్వింది. వాళ్లు నవ్వడం ఆపేదాకా ఆగి, మైకులో, "మీ ఇళ్లలో కారం మా అమ్మ చేతి మీదుగా వచ్చిందే అయ్యుంటది" అందట. అదే జనం చప్పట్లు కొట్టారు. రెండో స్థానం వచ్చింది.

"భయం వెయ్యలేదా?" అని అడిగాను.

"అయిదేళ్ల వయసు నుంచీ క్రిస్మస్‌కి స్టేజీ ఎక్కి వాక్యాలు చెప్తున్నానండీ. మా పాస్టరుగారి కంటే జడ్జీలు గట్టోళ్లా?"

వెళ్లేటప్పుడు మళ్లీ చెప్పింది. "అన్నయ్యా, మచ్చ మర్చిపోవద్దు." నేను ఆమె ఎదురుగానే కవరు మీద రాశాను: చెంప మచ్చ తీయవద్దు. నా చేతిరాతే. కింద గీత కూడా గీశాను.

అది మాఘమాసం. పెళ్లిళ్లు ముంచుకొస్తున్నాయి. రెండు రోజుల తర్వాత నా బల్ల మీద ముప్పై దాకా కవర్లు పడ్డాయి. త్వరగా తెమల్చాలని నేనొక ఉపాయం కనిపెట్టుకున్నాను. కవర్లలోంచి నెగెటివ్‌లన్నీ ఒకేసారి తీసి, జిగురు మందు రాసి వరసగా ఆరబెట్టి, కవర్లను అదే వరసలో పక్కన దొంతర పెట్టాను. ఇక కవరు చూసే పనే లేదు. ముఖం తర్వాత ముఖం. గాజు మీద ఒక చెంప మీద తెల్లటి గీత కనిపించింది. నా చెయ్యి దానంతటదే నింపేసింది. చాలా బాగా నింపాను. అంత పెద్ద మచ్చని ఆనవాలు లేకుండా తీయడం ఆ వీధిలో మాస్టారికీ నాకూ మాత్రమే చేతనవును.

ఆమె ఆ ఫొటో చూసుకుని ఉంటే గొడవే లేకపోయేది. కానీ ఆ క్లబ్బుకి ఫొటోలు తీసేది మా స్టూడియోనే. పోటీకి ఫొటో తీయించుకున్న వాళ్లందరి ప్రింట్లూ మేమే నేరుగా క్లబ్బుకి పంపేశాం.

పోటీ ఆదివారం మధ్యాహ్నం. హాలు నిండిపోయింది. పదకొండుమంది అమ్మాయిలు. ముగ్గురు జడ్జీలు: ఒక లేడీ డాక్టరు, ఒక రిటైరైన ప్రిన్సిపాలు, చీరల దుకాణం యజమాని. మా ఓనరుగారు ముందు వరసలో ఉన్నారు. నేను ఫ్లాష్ పట్టుకుని స్టేజీ కింద. ఆమె తల్లి పనిలోంచి సరాసరి వచ్చినట్టుంది, వెనక వరసలో ఒక చివర కూర్చుంది. ఆమె చీరలోంచి మిరప ఘాటు వచ్చి పక్కవాళ్లు దగ్గుతుంటే, "కడుక్కునే వచ్చానమ్మా, పోదు" అని నవ్వుతూ చెబుతోంది.

రెండు విడతలయ్యాయి. నడకలో ఆమెకి సాటి లేదు. ప్రశ్నల్లో ప్రిన్సిపాలుగారు ఇంగ్లీషులో అడిగితే తెలుగులో నిదానంగా, ఒక్క మాట తడబడకుండా చెప్పింది. అప్పుడే మనసులో అనుకున్నాను, ఈమె వార్తలు చదువుతుందని. హాలులో అందరికీ అర్థమైపోయింది హైదరాబాదు ఎవరు వెళతారో.

మూడో విడతకు ముందు చీరల దుకాణం యజమాని ఫొటోలు తిరగేస్తూ ఆగాడు. ఒక ఫొటో పైకెత్తి ఆమె వంక చూశాడు, మళ్లీ ఫొటో వంక చూశాడు. డాక్టరుగారి చేతికిచ్చాడు. తర్వాత మైకులో పిలిచి, ఈ ఫొటో నీదేనా అని అడిగాడు. ఆమె వంగి చూసింది. అదే మొదటిసారి చూడటం.

"నాదే. కానీ మచ్చ లేదేంటండీ?" అంది.

అదే మేమూ అడుగుతున్నాం అన్నాడాయన. హాలులో గుసగుసలు మొదలయ్యాయి. ఆమె కంగారు పడలేదు. ఫారంలో గుర్తుల దగ్గర రాశానని, స్టూడియోలో తీయొద్దని చెప్పానని, కావాలంటే అక్కడున్న అన్నయ్యను అడగమని చెప్పింది. నన్ను వేలెత్తి చూపించింది. ఒక్క నిమిషంలో తేలిపోయే సంగతి అనుకుందేమో, ఆ చూపడంలో అంత ధీమా ఉంది.

ప్రిన్సిపాలుగారు నన్ను స్టేజీ పైకి పిలిచారు. "ఏమయ్యా, ఇది నువ్వు దిద్దిందేనా? ఈ అమ్మాయి ఏం చెప్పింది నీకు?"

"చెప్పండి అన్నయ్యా" అంది ఆమె. "నేనేమన్నానో అది చెప్పండి."

హాలు వంక చూశాను. ముందు నాలుగు వరసల్లో కుటుంబాలు. అందులో ఐదారుగురు ఆడపిల్లల ముఖాలు నా పెన్సిల్ కింద నుంచి వెళ్లినవే. ఒకమ్మాయి నిశ్చితార్థం వచ్చేవారం. అడగకుండానే మేం మచ్చలు చెరుపుతామని నేను మైకులో ఒప్పుకుంటే, రేపు ప్రతి మగపెళ్లివారూ ఫొటో పట్టుకుని స్టూడియో మెట్లెక్కుతారు. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న కారణం ఇదే. ఇది నిజమే, కానీ సగమే. మిగతా సగం, కవరు చదవలేదని అంతమంది ముందు అనడం నాకు నామోషీ అనిపించింది. ఓనరుగారు చెప్పమన్నారా అంటే, ఆయన నా వంక చూడను కూడా చూడలేదు. చూసి ఉంటే ఈపాటికి తప్పు ఆయన మీదకు తోసేసేవాణ్ణి.

ఆ అమ్మాయే చెరపమందండీ, అన్నాను.

ఆమె నా వంక తిరిగింది. కోపంగా చూసిందని రాస్తే బాగుంటుంది కానీ అలా చూడలేదు. లెక్క ఎక్కడ తప్పిందా అని పలక వంక చూసినట్టు చూసింది. జడ్జీలు తలలు దగ్గరికి చేర్చి మాట్లాడుకున్నారు. నియమం ప్రకారం పేరు తీసేస్తున్నామని ప్రిన్సిపాలుగారు చెబుతుంటే, ఆమె మైకు దగ్గరికి వెళ్లింది.

"పేరు తీసేయండి. మచ్చ మాత్రం ఇట్టాగే ఉంటది" అని దిగిపోయింది.

బయట వరండాలో తల్లి నాకెదురుపడింది. తిడుతుందనుకున్నాను. "నా బిడ్డ అట్టా అనదయ్యా" అంది మెల్లగా, నాకు తెలియని సంగతి ఏదో చెబుతున్నట్టు. నేను ఫ్లాష్ బ్యాటరీ చూసుకుంటున్నట్టు తల దించుకున్నాను.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి మాస్టారు నా బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో ఆ కవరు. ఎప్పటిలాగే పైకి చదివారు. పేరు, ఊరు, కాపీలు. చివర నా చేతిరాత కూడా చదివారు, గీత గీసిన మాటతో సహా. తర్వాత నెగెటివ్ అందులో పెట్టి నా చేతికిచ్చారు. "ఇది స్టూడియో బీరువాలో పెట్టమాక. నీ దగ్గరుంచుకో" అన్నారు. ఆ తర్వాత ఆయన రిటైరయ్యేదాకా ఆ విషయం ఎత్తలేదు. నన్ను ఏరా అని పిలవడం కూడా మానేశారు. "ఏమండీ" అనేవారు. ఆ మర్యాద నాకు బాగా తగిలింది.

వారం తర్వాత ఆమె మళ్లీ స్టూడియోకి వచ్చింది. ఊళ్లో ఇంకో స్టూడియో లేనట్టు మా దగ్గరికే వచ్చింది. విజయవాడలో పోటీ ఉందట, ఫొటో కావాలంది. ఓనరుగారు కుర్చీలో కదిలారు. నేను తీశాను. "అయ్యేదాకా ఇక్కడే ఉంటాను" అని నా బల్ల పక్కన నిలబడింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, నెగెటివ్ కడిగి, ఆరి, ప్రింటయ్యేదాకా నిలబడే ఉంది. స్టూలు జరిపితే కూర్చోలేదు. నేను ఆ రోజు పెన్సిల్ ముట్టుకోలేదు. ఎవరి ముఖమూ దిద్దలేకపోయాను. క్షమించమని అడగడానికి రోజంతా ఉంది. అడగలేదు.

విజయవాడలో ఆమెకి రెండో స్థానం వచ్చిందని తర్వాత విన్నాను. అక్కడ కూడా గుంటూరు సంగతి ఎత్తారట. ఎత్తినవాడికి జవాబు చెప్పే స్టేజీ దిగిందట. ఆ తర్వాత ఇంకో రెండు పోటీలు. హైదరాబాదు మాత్రం వెళ్లలేదు. టీవీలో కనిపించలేదు. నా మాట వల్లేనా అంటే, అంతా నా మాట వల్లే అని చెప్పుకోవడం కూడా ఒక గొప్పే అవుతుంది. కానీ ఆ రోజు తలుపు మూసింది మాత్రం నేనే.

ఈ కథ మా వృత్తిలో ఒక జోకుగా మిగిలిపోయింది. ఎక్కడ పాత ఫొటోగ్రాఫర్లం కలిసినా ఎవరో ఒకరు ఎత్తేవారు, మచ్చ చెరిపించుకుని క్లబ్బువాళ్లని బోల్తా కొట్టించబోయిన పిల్ల అని. నా పనితనాన్ని మెచ్చుకుంటూ చెప్పేవారు. నేను నవ్వేవాణ్ణి. నవ్విన ప్రతిసారీ మళ్లీ సాక్ష్యం చెప్పినట్టే.

పోయిన ఏడు గుంటూరులో మా వాళ్ల సమావేశంలో మళ్లీ అదే జోకు, ఆమె పేరుతో సహా. అందరూ నవ్వాక, ఈమధ్యే కెమెరా పట్టిన ఒక అమ్మాయి చెయ్యెత్తింది. తను దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీ పక్కన బడిలో చదువుకుందట. "ఆవిడ మా టీచరండీ. రోజూ పొద్దున ప్రార్థన దగ్గర మాచేత మైకులో వార్తలు చదివించేది. తప్పు చదివితే మళ్లీ మొదటి నుంచి. ఆ మచ్చ మీద చెయ్యి అడ్డం పెట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. అట్టాంటావిడ ఫొటోలో చెరపమని ఎందుకడుగుద్ది సార్?"

అందరూ నా వంక చూశారు. స్టేజీ మీద నిలబడ్డ రోజు మళ్లీ వచ్చినట్టయింది. "అడగలేదమ్మా" అన్నాను. అంతమందిలో ఆ మాట అనడం నేననుకున్నంత కష్టమేం కాలేదు. ఇరవై మూడేళ్ల వయసులో కూడా కష్టమయ్యేది కాదేమో.

ఇంటికొచ్చి కవరు తీశాను. దూదికి టర్పెంటైన్ అద్ది నెగెటివ్ మీద రాశాను. నా పెన్సిల్ పనంతా నిమిషంలో దూదికి వచ్చేసింది. తెల్లటి గీత బయటపడింది, ఇంకా కొత్తగా. డార్క్‌రూం ఉన్న పాత స్నేహితుడి దగ్గర ఒక ప్రింటు వేయించాను. ఈ వ్యాసం ఇక్కడిదాకా అప్పటికే రాసేశాను. రెండూ పట్టుకుని దాచేపల్లి బస్సెక్కాను.

ఆమె ఇప్పుడు హెడ్మిస్ట్రెస్. జుట్టు నెరిసింది. మచ్చ కూడా కొంచెం వెలిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. కూర్చోమంది, టీ తెప్పించింది. ఫొటో చాలాసేపు చూసి, "నడుం ఎంత సన్నగా ఉండేదో" అని నవ్వింది. వ్యాసం ఇస్తే కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. వార్తలు చదివినట్టే, ఎక్కడా తొందర లేదు. నేను తీర్పు కోసం ఎదురుచూస్తున్నవాడిలా కూర్చున్నాను.

"బాగా రాశారు. నా పేరు వెయ్యకండి, మా అమ్మ గురించి రాసింది ఉంచండి" అంది. తర్వాత హాలు సంగతి ఉన్న పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ మీరన్నది ఇంతేనా?"

నేను టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాను.

"ఇంకో మాట కూడా అన్నారు. అది తీసేశారు. ఫొటోలానే." గొంతులో కోపం లేదు. పిల్లల చేత మళ్లీ మొదటి నుంచి చదివించే గొంతు అది. "మీరన్నది అన్నట్టు రాయండి అన్నయ్యా."

ఆమె చెప్పింది నిజం. ఆ మాట నేను మర్చిపోలేదు. పైన రాసింది రాసినట్టే ఉంచుతున్నాను, నా చెయ్యి ఇప్పటికీ ఎలా పోతుందో మీరూ చూడాలని. ఆ రోజు మైకులో, ఆమె తల్లి వింటుండగా, నేనన్నది మొత్తం ఇది:

"ఆ అమ్మాయే చెరపమందండీ. ఈ మచ్చతో నన్నెవరు చూస్తారన్నయ్యా అని నా ముందు ఏడ్చిందండీ."

ఆమె ఏడవలేదు. నేనామెను చూసిన ఏ రోజూ ఏడవలేదు.